ఎడమ ముందు కాలు

ఆగస్టు 4, ఆదివారం

దొరసాని కుంటుతోందని చెప్పాను.

ఎడమ ముందు కాలు. ఎందుకో ఆ కాలే నోటికొచ్చింది. జీను బిగించి, హెల్మెట్ పెట్టుకుని, రికాబులో కాలు పెట్టబోయి ఆగి, గుర్రపుస్వారీ నేర్పే మేడమ్‌తో ఇది సరిగ్గా నడవట్లేదు అన్నాను. మేడమ్ పగ్గం అందుకుని దాన్ని అటూ ఇటూ నడిపించింది, కాస్త పరిగెత్తించింది. తనకేమీ తేడా కనపడలేదంది. కంచె మీద కూర్చున్న నాన్న దిగొచ్చాడు. "రోజూ దాని మీద ఉండేది మా అమ్మాయి కదా మేడమ్. తనకి తెలిసినట్టు మనకి తెలుస్తుందా" అన్నాడు. రోజూ కాదు, వారానికి రెండుసార్లు. మేడమ్ జీను విప్పమంది. వారం రోజులు రెస్ట్ ఇమ్మంది.

జీను విప్పి దొరసానిని దాని గడిలో కట్టేశాను.

పడి మూడు వారాలైంది. పడ్డానని అందరికీ తెలుసు, ఎలా పడ్డానో ఎవరికీ తెలీదు. నాన్న నీళ్ళ మోటారు దగ్గరున్నాడు. మేడమ్ అవతల చిన్నపిల్లల్ని పోనీల మీద తిప్పుతోంది. తాత గడ్డికొట్లో ఉన్నాడు. అడ్డకర్ర దూకాక నేను జారాను, కాలు రికాబులో ఇరుక్కుంది, దొరసాని బెదిరి పరిగెత్తింది. దాని పొట్ట పక్కన తలకిందులుగా వేలాడుతూ ఇసకలో ఈడ్చుకుపోయాను. నోట్లో ఇసక. చెవి పక్కన డెక్కలు. మూల దగ్గర అదే ఆగింది. వాళ్ళొచ్చేసరికి నేను లేచి బట్టలు దులుపుకుంటున్నాను. జారానన్నాను. పడితేనే కదా పట్టు దొరికేది అని నాన్న నవ్వాడు.

తర్వాత రెండు ఆదివారాలు ఎక్కాను. రెండుసార్లూ బాత్రూంలో వాంతి చేసుకుని వచ్చి ఎక్కాను. ఇవాళ నా వల్ల కాలేదు.

ఇది తెలుగులో రాస్తున్నాను. నా బ్యాగ్ వెతికే మహాతల్లులకి క్లాసులో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. అమ్మకి వచ్చు, కానీ గ్రాఫ్ బుక్ వెనక పేజీలు అమ్మెందుకు చూస్తుంది.

ఆగస్టు 5

మ్యాథ్స్ టెస్ట్. బాగానే రాశాను. చాలా రోజుల తర్వాత అన్నం సహించింది.

ఆగస్టు 8, గురువారం

నాకు భయమని నాన్నకి చెప్పేస్తే ఏమవుతుంది?

ఏమీ అవదు. కొట్టడు, తిట్టడు. సరేలే అమ్మలూ అంటాడు. కంచె దిగి వెళ్ళిపోతాడు, అంతే. అదే చూడలేను.

నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. దొరసాని ఒక పెద్దింటివాళ్ళది. వాళ్ళ బిల్డింగ్‌లో లిఫ్టు బాగుచేస్తుంటే, ముసలిదైపోయింది, ఎవరికైనా ఇచ్చేస్తాం అన్నారట. నాన్న ఇంటికొచ్చి అమ్మని కూడా అడక్కుండా, మనకి గుర్రం వచ్చిందన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక స్టవ్ కట్టేసింది. గుర్రాన్ని ఫ్రిజ్ పక్కన కడతావా, బీరువా పక్కనా అని అడిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం నాన్న మేడమ్ దగ్గర మోటార్లు, గేట్లు, లైట్లు బాగుచేస్తాడు. అందుకు బదులుగా దొరసాని అక్కడ ఉంటుంది, మేడమ్ నాకు నేర్పిస్తుంది. నాన్నని పనిలో అందరూ గుర్రం నాన్న అంటారు. వెక్కిరిస్తున్నారని తెలియక సంతోషపడతాడు. లేకపోతే తెలిసే సంతోషపడతాడేమో.

నాన్న ఒక్కసారి కూడా గుర్రం ఎక్కలేదు. నిచ్చెన మీద మూడో మెట్టు దాటితే కళ్ళు తిరుగుతాయి ఆయనకి.

ఆగస్టు 11, ఆదివారం

డాక్టర్ని పిలిపించారు. నాకు ముందు తెలీదు. వెళ్ళేసరికి తాత చెప్పాడు, పది గంటలకి పశువుల డాక్టరొస్తున్నాడు పాపా, నీ దొరసానికి రాజభోగం అని.

తాత నాకు తాత కాదు, అక్కడ అందరికీ తాతే. పద్నాలుగు గుర్రాల మేత, నీళ్ళు, మాలీసు, పేడ ఎత్తడం అన్నీ ఆయనే. రోజూ పొద్దున్నే ఒక్కో గుర్రం నాలుగు డెక్కలూ ఎత్తి మట్టి, రాళ్ళు కెలికి తీస్తాడు. యాభై ఆరు డెక్కలు. అది అయ్యాకే టీ తాగుతాడు.

కుంటని గుర్రాన్ని డాక్టరు చూస్తే ఏమంటాడు? నేను అబద్ధమాడానంటాడు.

గుర్రం కుంటితే తల ఊపుతుందని నెట్‌లో చూశాను. నొప్పి ఉన్న కాలు నేలకి ఆనగానే తల పైకి లేస్తుందట. దారి మీద కంకరరాయి ఒకటి తీసుకున్నాను, గోళీ కంటే కొంచెం పెద్దది. ఎడమ ముందు డెక్కలో, ఇనప నాడాకీ మధ్యలో ఉండే మెత్తటి భాగానికీ నడుమ నొక్కి పెట్టాను. ఆ భాగాన్ని మేడమ్ ఫ్రాగ్ అంటుంది. కప్పకీ దానికీ ఏం పోలికో నాకెప్పుడూ అర్థం కాలేదు. రబ్బరులా ఉంటుంది.

డాక్టరు చూస్తుండగా నేనే పగ్గం పట్టి పరిగెత్తించాను. తల లేచింది. అవునవును, కొంచెం ఉంది అన్నాడు. కడిగే గట్టు దగ్గరికి తెమ్మంటే, ముందు డెక్క శుభ్రం చేసిస్తానని అటు తిరిగి రాయి తీసేశాను. ఆయన డెక్క, మడమ, మోకాలు అన్నీ నొక్కి చూశాడు. కారణం తెలీలేదు. పైన భుజంలో ఉండొచ్చన్నాడు. రెండు వారాలు ఎక్కొద్దు, చేత్తో పట్టుకుని నడిపించమన్నాడు.

రెండు వారాలు.

దానికేమీ కాలేదు. రాయి డెక్కలో ఇరుక్కోవడం గుర్రాలకి మామూలే.

ఆగస్టు 14

స్కూల్ నుంచి అటే వెళ్ళాను. గంటసేపు మాలీసు చేశాను. జూలు చిక్కు తీశాను. కింద నుంచుంటే నాకు అదంటే ఏ భయమూ లేదు. నా భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. తల ఎంత బరువో.

ఇలాగే ఉంటే చాలు.

ఆగస్టు 18, ఆదివారం

ముగ్గురం కలిసి నడిపించాం, నేను, నాన్న, దొరసాని. నాన్న దానికి లిఫ్టు సంగతులు చెప్పాడు. ఏడో అంతస్తులో ఎవరో పెద్దావిడ ఇరుక్కుపోయి, బయటికి రాగానే ఈయన్ని కొట్టబోయిందట. దొరసాని చెవులు ఇటు తిప్పి విన్నది. వచ్చే నెల మేడమ్ పెట్టే పోటీలో నా పేరు ఇచ్చాడట. కాలు బాగయ్యాకే, తొందరేం లేదు అన్నాడు.

వస్తుంటే తాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు లేనప్పుడు బానే నడుస్తోంది పాపా. నిన్న గడ్డి కోసం గేటు దాకా ఉరికింది కూడా."

నేను షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగాను.

"ముసలి కళ్ళులే, నాకు సరిగ్గా ఆనకపోయుండచ్చు" అని ఆయనే అన్నాడు.

ఆగస్టు 22

పోటీ సెప్టెంబర్ 15న. ఇరవై నాలుగు రోజులు.

ఆగస్టు 25, ఆదివారం

రాయాలి. రాస్తే చిన్నదిగా కనపడుతుందేమో.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి రాయి కొంచెం పెద్దది, అంచులున్నది పెట్టాను. గుండ్రటిది మధ్యలో ఊడిపోతే ఏం చేయాలని. బాగా తల ఊపింది. డాక్టరు అలాగే నుంచున్నాడు. రెండు వారాలైనా తగ్గలేదే అని నాన్నతో అంటున్నాడు.

నేను అటు తిప్పి డెక్క ఎత్తాను. రాయి రాలేదు. దొరసాని బరువుకి లోపలికి దిగిపోయింది. కెలికే కొక్కెంతో లాగాను, కదల్లేదు. అటు నుంచి నాన్న, అయిందా అమ్మలూ అంటున్నాడు. గేటు దగ్గర నాన్న పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. రాయి కింద పెట్టి ఎత్తాను. రాయి ఎగిరి పడింది. అదే క్షణంలో దొరసాని కాలు విదిలించి నా చేతి మీద బరువు మోపింది, స్క్రూడ్రైవర్ ఆ మెత్తటి భాగంలో దిగిపోయింది. చిటికెన వేలు సగం దాకా.

అది అరవలేదు. గుర్రాలు నొప్పికి అరవవు. ఊపిరి మాత్రం బిగబట్టింది.

లాగేశాను. దారమంత రక్తం. మట్టి అద్దాను. రబ్బరులాంటిది కదా, చిల్లు దానంతటదే మూసుకుంది. నాకే మళ్ళీ కనపడలేదు. డాక్టరు పటకారుతో డెక్క నొక్కినప్పుడు ఒకసారి కాలు లాక్కుంది. నేను పగ్గం గుంజాను, అందుకే కదిలింది అన్నాను. ఇంకో నెల రెస్ట్ అన్నాడు.

పోటీ పోయింది. నాన్న ఇంటికొచ్చే దాకా బండిలో రేడియో పెట్టలేదు.

స్క్రూడ్రైవర్ కడిగి పెట్టెలో పెట్టేశాను.

ఆగస్టు 26

చిన్న చిల్లు. నాకు మేకు దిగితే మానలేదా.

ఆగస్టు 27

మానిపోతుంది.

ఆగస్టు 28, బుధవారం

మేడమ్ ఫోన్ చేసింది. పొద్దున్నుంచీ దొరసాని ఎడమ కాలు నేలకి ఆనించడం లేదట. నాన్న నాకు చెప్తూ, పాపం, నువ్వు మొదటిరోజే కనిపెట్టావు అన్నాడు.

ఆగస్టు 29, గురువారం

స్కూల్ ఎగ్గొట్టాను. కడుపునొప్పన్నాను. ఆ ఒక్కటీ నిజమే.

మూడు కాళ్ళ మీద నుంచుంది. మెడంతా చెమట. తాత వేసిన దాణా తొట్టిలో అలాగే ఉంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇది దాణా కూడా వద్దంటోంది పాపా అన్నాడు. ఎప్పుడూ నవ్విస్తూ చెప్పే మాట అది. ఇవాళ నవ్వలేదు.

డాక్టరు భుజం చూశాడు. నెల నుంచీ ఉన్న కుంటు కాబట్టి, లోపల నరం ఏదో తెగిందనుకుంటున్నాడు. భుజానికి సూది వేశాడు, కాపడం పెట్టమన్నాడు. నెల నుంచీ కుంటు లేదు. ఆ కుంటు నాది.

చెప్పాలి. డెక్క చూడండి అని ఒక్క మాట అంటే చాలు. అంటే, నీకెలా తెలుసంటారు.

ఆగస్టు 30

గూగుల్‌లో వెతికాను. సగం చదివి ఆపేశాను. ఒక్క రోజులో కడిగితే బతుకుతుందని ఉంది. అన్ని గుర్రాలూ ఒకటి కాదు.

ఆగస్టు 31, శనివారం

మడమ దగ్గర వాచింది. జ్వరం. డాక్టరు ఎక్స్‌రే మెషీన్ వేరే ఊరి నుంచి తెప్పించాడు. అది వచ్చేసరికి సాయంత్రమైంది. భుజం బానే ఉంది. అప్పుడు అందరినీ నిలబెట్టి అడిగాడు, డెక్కలో ఏమైనా గుచ్చుకుందా, మేకు గానీ ముల్లు గానీ, ఎవరైనా చూశారా, తెలిస్తే ఇప్పుడే చెప్పండి అని.

మేడమ్ తాత వైపు చూసింది. పోయిన వారమే నాడాలు కొట్టే మనిషి వచ్చి వెళ్ళాడు. నేల మీద మేకులేమైనా మిగిలాయా అని అడిగింది.

తాత కళ్ళు చిట్లించి నేల వైపు చూశాడు. ఊడ్చానమ్మా అన్నాడు. తర్వాత, ఊడ్చాననే అనుకుంటున్నానమ్మా అన్నాడు.

కళ్ళు చూపించుకోమని రెండేళ్ళ నుంచీ చెప్తున్నాను కదా అంది మేడమ్.

ఆయన నా పక్కనే ఉన్నాడు. ఆయన చొక్కా నా చేతికి తగులుతోంది. నోరు తెరిచాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏడవకు అమ్మలూ అన్నాడు. నేను ఏడవడం లేదు.

సెప్టెంబర్ 1, ఆదివారం

డాక్టరు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఎవరూ లేరు. వెళ్ళి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టాననుకుంటా.

"ఎప్పుడు?" అన్నాడు.

"పోయిన ఆదివారం. మీరు వచ్చినప్పుడే."

"ఎంత లోతు?"

వేలు చూపించాను. డెక్కలో ఏ చోటో అరచేతి మీద చూపించాను. కుళాయి కట్టేశాడు.

"ఆ రోజు చెప్పుంటే కోసి కడిగేవాణ్ణమ్మా. నెలలోపు నడిచేది."

ఇప్పుడో అని అడిగాను. ఆయన వెళ్ళి సరిగ్గా నేను చూపించిన చోటే కోశాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. చీము కీలులోకి వెళ్ళిపోయిందన్నాడు. నాలుగు రోజులుగా బరువంతా మోసి రెండో ముందు కాలు కూడా పాడవుతోందన్నాడు. ఇంక బాధపెట్టొద్దన్నాడు. ఇవన్నీ నాన్నకి, మేడమ్‌కి చెప్పాడు. నా సంగతి చెప్పలేదు. మీ నాన్నకి నువ్వే చెప్పు, నేను చెప్పడం బాగోదు అని మాత్రం నాతో అన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకి. పగ్గం నేను పట్టుకున్నాను, ఇంకో వైపు తాత. నాన్న ఇటు వీపు పెట్టి గేటు బోల్టు బిగిస్తున్నాడు. అది బిగిసే ఉంది. సూది వేశాక దొరసాని ఒక్క నిమిషం మామూలుగానే నుంచుంది. తర్వాత ముందు మోకాళ్ళు పోయాయి. నేల అదిరింది. గడుల్లో మిగతా గుర్రాలన్నీ ఒక్కసారే మెదలకుండా అయిపోయాయి.

తాత వంగి దాని కళ్ళు మూశాడు. నన్ను క్షమించు తల్లీ అన్నాడు.

నేననాల్సిన మాట.

సెప్టెంబర్ 2

స్కూలుకి వెళ్ళాను.

సెప్టెంబర్ 3, మంగళవారం

తాతని తీసేశారు. శనివారం దాకా ఉండి వెళ్ళమన్నారట. మేడమ్ నాన్నకి ఫోన్‌లో చెప్పింది, ఇలాంటిది మళ్ళీ జరక్కుండా చూసుకుంటామని. నాన్న, అయ్యో, ఆయన కావాలని చేశాడా అని, ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్ 4, బుధవారం

చెప్పేశాను.

అమ్మ పక్కింటికి వెళ్ళింది. నాన్న టేబుల్ మీద మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. మొదటి రాయి నుంచి చివరి దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాను. స్క్రూడ్రైవర్ ఆయనదేనని కూడా చెప్పాను. ఎందుకు చేశావని అడుగుతాడని, ఇసకలో ఈడ్చుకుపోయిన సంగతి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. రెండు రోజులుగా మాటలు పేర్చుకున్నాను.

అడగలేదు. చేతిలో ఉన్న చిన్న స్ప్రింగును చూస్తూ ఉన్నాడు. "డాక్టరుకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"మేడమ్‌కి?"

"తెలీదు."

స్ప్రింగు దాని చోట పెట్టాడు. మూత పెట్టాడు. ఒక్కో స్క్రూ బిగించాడు.

"ఇంకెవరికీ చెప్పకు. అమ్మకి కూడా."

తాత సంగతేంటని అడిగాను.

"ఆయనకి వేరే చోట పని దొరుకుతుంది" అన్నాడు. "నీకు పోయిన పేరు దొరకదు."

స్విచ్ వేశాడు. మిక్సీ తిరిగింది. బాగైపోయింది అన్నాడు.

నాన్న అంత నెమ్మదిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. కోప్పడలేదు. మంచిదే కదా. కోప్పడలేదు.

సెప్టెంబర్ 5

నాన్న ఫోన్‌లో నా ఫొటో మార్చేశాడు. కర్ర దూకుతున్నది తీసేసి, అమ్మ, నేను ఉన్నది పెట్టాడు. ఇంక నేనెప్పుడూ గుర్రం ఎక్కక్కర్లేదు. నాకు కావాల్సింది ఇదే.

సెప్టెంబర్ 7, శనివారం

హెల్మెట్ తెచ్చుకోవాలని చెప్పి బస్సెక్కాను.

గడ్డికొట్టు వెనక తాత గది. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. మంచం, రేకుపెట్టె, గోడకి మేకుకి తగిలించిన రెండు చొక్కాలు, అంతే. ఆయన చొక్కాలు మడత పెడుతున్నాడు. నన్ను చూసి మంచం మీద జాగా చేశాడు. కూతురు దగ్గరికి వెళ్తున్నానన్నాడు. అక్కడ గుర్రాల పని ఉందా అని అడిగాను. గుర్రాల పని నాకెవరిస్తారు పాపా, మేకు కనపడని మనిషికి అన్నాడు.

అప్పుడు చెప్పాను. నాన్నకి చెప్పినంత బాగా చెప్పలేకపోయాను. కలగాపులగమైంది. మేకు లేదు, మీరు ఊడ్చారు, మీరు బాగానే ఊడ్చారు అని రెండు మూడుసార్లు అన్నాను.

ఆయన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళు పైకప్పు వైపు, తర్వాత తలుపు వైపు, ఒక్కో వస్తువు వైపు తిరిగాయి. నిజంగా కనపడుతున్నాయో లేదో చూసుకుంటున్నట్టు.

"సోమవారం, మంగళవారం ఆ డెక్క ఎత్తి చూశాను పాపా. చేత్తో తడిమి చూశాను. చిల్లు లేదు."

"మూసుకుపోయింది తాతా. నాకే కనపడలేదు."

"అంటే నా కళ్ళు..." అని ఆగాడు. మంచం మీద కూర్చున్నాడు. వారం నుంచీ నిద్రలేదన్నాడు. పొద్దున్నే లేచి ఆ గడి నేలంతా అరచేతులతో వెతుకుతున్నాడట, ఇంకో మేకు ఉంటే ఇంకో గుర్రానికి గుచ్చుకుంటుందని.

పక్క గడిలో గుర్రం గడ్డి నములుతోంది.

"మేడమ్‌కి చెప్తావా?" అన్నాడు. గట్టిగా కాదు. పడ్డ వస్తువు అందిస్తావా అన్నట్టు అడిగాడు.

చెప్తాననుకునే వచ్చాను. బస్సులో అనుకున్నాను, దిగి నడుస్తూ కూడా అనుకున్నాను.

"నాన్న వద్దన్నాడు తాతా" అన్నాను.

తల ఊపాడు. తండ్రి మాట కదా అన్నాడు. వెక్కిరింపో, నిజంగానే అన్నాడో నాకు తెలీలేదు. చేతిలో ఉన్న చొక్కా మడిచాడు, పెట్టె మూశాడు.

పెట్టె బరువుగా ఉంది. ఒక వైపు నేను పట్టుకున్నాను. గుర్రాలన్నీ తలలు బయటికి పెట్టి చూశాయి, ఇది ఆయన మేత వేసే వేళ. దొరసాని గడి కడిగేసి ఉంది. గేటు దాకా ఇద్దరం మధ్యలో రెండుసార్లు ఆగి మోశాం. ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, ఎండలో నుంచోకు పాపా, వెళ్ళు అన్నాడు.

ఆటో వెళ్ళిపోయింది. హెల్మెట్ తీసుకోవడానికి వెనక్కి వెళ్ళాను. మేడమ్ ఆఫీసు తలుపు తెరిచి ఉంది, ఆవిడ ఏదో రాసుకుంటోంది. తలెత్తి, ఏమ్మా, ఏమైనా కావాలా అని అడిగింది.

ఏమీ లేదు మేడమ్ అన్నాను.